పేరు వచ్చింది, పన్ను అర్థం కాలేదు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నేను బీడీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా మా ఊళ్లోనే తెలుగు మీడియంలో చదివాను. ఫస్ట్ ఇయర్‌లో డెంటల్ అనాటమీ (పళ్ల నిర్మాణం), ఓరల్ హిస్టాలజీ (నోటి కణజాలాలు) సబ్జెక్టుల్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. రికార్డులో బొమ్మలు బాగా వేస్తానని బ్యాచ్‌లో పేరు కూడా ఉండేది. ఇప్పుడు క్లినికల్ పోస్టింగులు మొదలయ్యాయి. పోయిన వారం ఒక పెద్దాయనకి కింది దవడ పన్నులో ఫిల్లింగ్ కోసం పుచ్చు తీస్తున్నాను. ఆరబెట్టడానికి గాలి కొట్టగానే ఆయన ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నారు. పక్కనే ఉన్న సర్, "పల్ప్ (పన్ను లోపల నరాలుండే మెత్తటి భాగం) ఇంకా లోపలెక్కడో ఉంది. ఒట్టి గాలికి నొప్పెందుకు?" అన్నారు. "హైడ్రోడైనమిక్ థియరీ సర్" అన్నాను. "పేరు సరే. ఏ ద్రవం? ఎటు కదులుతుంది? కదిలితే నొప్పెందుకు?" అని అడిగారు. నాకు ఒక్క మాట రాలేదు. పేషెంట్ కూడా నా వైపే చూస్తున్నారు.

హాస్టల్లో చెప్తే నా ఫ్రెండ్స్, "ఫస్ట్ ఇయర్ సబ్జెక్టులు పాసవ్వడానికే, చేతిపని వస్తే చాలు" అన్నారు. సీనియర్లేమో ఎంసీక్యూలు చేసుకుంటే నీట్ ఎండీఎస్‌కి (పీజీ ప్రవేశ పరీక్షకి) సరిపోతుందంటున్నారు. నేను ఈ చదువుకి పనికిరానేమోనని టెన్షన్‌గా ఉంది. పాత పుస్తకాలన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాలా? ఆ సర్ ముందుకి మళ్లీ ఎలా వెళ్లాలి? పేరు వేయకండి మేడమ్.

సమాధానం:

అమ్మా, నా దగ్గర చదువుకునే పిల్లల వయసే నీది. అందుకని నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరంలో నేను ఆగిపోయింది "పేషెంట్ కూడా నా వైపే చూస్తున్నారు" అన్న మాట దగ్గర. సర్ ఏమనుకుంటారో అన్నదానికన్నా, నొప్పి పడ్డ మనిషి ముందు నీ దగ్గర జవాబు లేకపోవడం నిన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ చదువుకి పనికిరాని వాళ్లకి ఆ బాధ కలగదు. నువ్వు పనికొస్తావు. దాని గురించి ఇంకో మాట అక్కర్లేదు. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

నేను ఓరల్ పాథాలజీ (నోటి జబ్బుల) విభాగంలో చాలా ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను. ఫస్ట్ ఇయర్‌కి డెంటల్ అనాటమీ, హిస్టాలజీ చెప్పేదీ మేమే, థర్డ్ ఇయర్‌కి ఓరల్ పాథాలజీ చెప్పేదీ మేమే. అంటే ఒకే పిల్లల్ని రెండుసార్లు చూస్తాం. ఫస్ట్ ఇయర్ వైవాలో ఎనామెల్ (పన్ను పైనుండే గట్టి పొర) గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పిన అమ్మాయినే రెండేళ్ల తర్వాత, "చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామెల్ పోతే మళ్లీ ఎందుకు రాదు?" అని అడిగితే నేలచూపులు చూస్తుంది. ఎనామెల్‌ని తయారుచేసేది అమెలోబ్లాస్ట్ అని ఆమెకి తెలుసు. పన్ను నోట్లోకి వచ్చేసరికే ఆ కణాలు పోతాయనీ తెలుసు. ఈ రెండూ పక్కపక్కన పెడితే జవాబు దొరుకుతుందని మాత్రం తట్టదు. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఇది చూశాను. కాబట్టి నీకు జరిగింది నీ ఒక్కదాని లోపం అనుకోకు.

మన చదువు అమరిక కూడా అలాంటిదే. ఇంటర్ అయ్యి వచ్చిన పిల్లల చేతికి మైనం ముక్క, కార్వర్ ఇచ్చి పన్ను చెక్కమంటాం. గులాబీ రంగు, ఊదా రంగు పెన్సిళ్లతో స్లైడ్లు చూసి బొమ్మలు వేయమంటాం. వాళ్లు ఆ ఏడాదంతా ఒక్క పేషెంట్ నోరు కూడా తెరిచి చూడరు. రెండో ఏడు జనరల్ పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, డెంటల్ మెటీరియల్స్, ప్రీక్లినికల్ ల్యాబులతో గడిచిపోతుంది. మూడో ఏడు పేషెంట్ వచ్చి కుర్చీలో కూర్చునే వేళకి ఫస్ట్ ఇయర్ పుస్తకం జూనియర్ల చేతికి వెళ్లిపోయి ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు పాఠం లేదు, పాఠం చెప్పినప్పుడు అవసరం లేదు.

ఇందులో మా తప్పూ ఉంది. వైవాలో నేనూ ఏళ్ల తరబడి "ఎనామెల్ టఫ్ట్స్ అంటే ఏమిటి?" అనే అడిగాను. గడగడా చెప్తే మార్కులు వేశాను. "ఈ సంగతి తెలిస్తే పేషెంట్ దగ్గర నువ్వు చేసే పనిలో ఏం మారుతుంది?" అని అడగడం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. పేరు చెప్తే చాలని మీకు నేర్పింది మేమే. నీ సర్ అడిగినట్టు రెండో ప్రశ్న, మూడో ప్రశ్న అడిగే మాస్టారు దొరకడం అదృష్టం.

ఇప్పుడు ఆ ప్రశ్న చూద్దాం. ఎనామెల్ కింద, పల్ప్ చుట్టూ ఉండే డెంటిన్ గట్టి రాయిలాంటిది కాదు. పల్ప్ వైపు నుంచి ఎనామెల్ వైపుకి అందులో సన్నని గొట్టాలుంటాయి, అవే ట్యూబ్యూల్స్. పల్ప్ దగ్గర ఒక చదరపు మిల్లీమీటరులో ఇవి 45,000 నుంచి 65,000 దాకా ఉంటాయి. ఎనామెల్‌ని ఆనుకున్న చోట 15,000 నుంచి 20,000. లోపలికి వెళ్లేకొద్దీ గొట్టం వెడల్పు కూడా పెరుగుతుంది. ఆ గొట్టాల నిండా పల్ప్ నుంచి వచ్చిన ద్రవం ఉంటుంది. గొట్టం లోపలి కొసన ఓడొంటోబ్లాస్ట్ కణం, దాన్ని చుట్టుకుని నరాల కొసలు ఉంటాయి. నువ్వు గాలి కొట్టగానే పైకి తెరుచుకున్న గొట్టాల మూతి దగ్గర ద్రవం ఆవిరైంది. కింద ఉన్న ద్రవం ఆ ఖాళీలోకి చటుక్కున పైకి కదిలింది. ఆ కదలికకి అడుగున ఉన్న నరం కొసలు సాగాయి. ఆ పెద్దాయన ఉలిక్కిపడ్డది అందుకు. నువ్వు పేరు చెప్పిన హైడ్రోడైనమిక్ థియరీ ఇదే. స్వీడన్‌కి చెందిన బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో ఈ సంగతిని ప్రయోగాలతో నిలబెట్టాడు. మీ సర్ అడిగిన "ఎటు?" అన్న ప్రశ్నే ఇందులో కీలకం. ద్రవం బయటికి కదిలితే నొప్పి ఎక్కువ. చల్లటి నీళ్లు, తీపి, గాలి, ఈ మూడూ ద్రవాన్ని బయటికే లాగుతాయి.

ఈ ఒక్క పేజీ అర్థమైతే క్లినిక్‌లో ఎన్ని పనులు తేటపడతాయో చూడు. పుచ్చు లోతుగా ఉన్నచోట ఫిల్లింగ్ కింద ముందు లైనింగ్ అనే పల్చటి పొర ఎందుకు వేస్తాం? అక్కడ గొట్టాలు ఎక్కువ, వెడల్పూ ఎక్కువ. పైన పడినది ఏదైనా పల్ప్‌కి సులువుగా చేరుతుంది. సెన్సిటివిటీ పేస్టులు రెండు రకాలుగా ఎందుకున్నాయి? పొటాషియం నైట్రేట్ ఉన్నవి నరాన్ని శాంతపరుస్తాయి, మిగతావి గొట్టాల మూతులు మూస్తాయి. ముసలివాళ్ల పళ్లు అరిగిపోయి డెంటిన్ బయటపడ్డా చాలామందికి జివ్వుమనదు, ఎందుకని? ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల లోపల ఖనిజం పేరుకుని అవి పూడుకుపోతాయి, పల్ప్ వైపు కొత్త డెంటిన్ కూడా చేరుతుంది. చిగురు కిందికి జారిన పడుచువాళ్లకి చల్లనీళ్లు తాగితే ప్రాణం మీదికి వస్తుంది, వాళ్ల గొట్టాలు ఇంకా తెరిచే ఉంటాయి కాబట్టి. నాలుగు వేరువేరు డిపార్ట్‌మెంట్లలో నాలుగు వేరువేరు పాఠాలుగా చదివే సంగతులు ఇవి. మూలం ఒక్కటే, ఫస్ట్ ఇయర్‌లో నువ్వు అందంగా వేసిన ఆ డెంటిన్ బొమ్మ.

నీ తెలుగు మీడియం సంగతి రాశావు. దాన్ని నువ్వు లోటులా చెప్పుకున్నట్టు అనిపించింది. నేను అలా చూడను. మన పేషెంట్లు నొప్పి గురించి ఎలా చెప్తారో విను. "చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోందమ్మా" అంటారు. "రాత్రంతా ఒకటే సలుపు, పడుకోనివ్వలేదు" అంటారు. "కొరికితే కలుక్కుమంటోంది" అంటారు. ఈ మూడు మాటలూ మూడు వేరువేరు కణజాలాల గొంతులు. జివ్వుమనడం డెంటిన్‌ది. ఏ-డెల్టా నరాలు వేగంగా తెచ్చే, సూదిలాంటి, వచ్చినంత తొందరగా పోయే నొప్పి అది. సలుపు పల్ప్‌ది. సీ నరాలు నెమ్మదిగా మోసుకొచ్చే, ఎక్కడుందో వేలుపెట్టి చూపించలేని నొప్పి. పల్ప్ చుట్టూ గట్టి గోడలున్నాయి, అది వాచినా చర్మంలాగా ఉబ్బడానికి చోటులేదు. పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, అందుకే రాత్రిపూట ఎక్కువ. కొరికితే కలుక్కుమనే నొప్పి చాలాసార్లు వేరు చుట్టూ ఉన్న పీరియడాంటల్ లిగమెంట్‌ది. పన్ను మీద ఎంత బరువు, ఎటు నుంచి పడుతోందో పసిగట్టే నరాలు అందులో ఉన్నాయి. కాబట్టి ఆ నొప్పి ఏ పన్నులో ఉందో పేషెంట్ సరిగ్గా చూపించగలడు. (కొరికినప్పుడు పన్ను పగిలిన చోటు కదిలి కూడా ఇలాంటి నొప్పి రావచ్చు, అది వేరే వెతుక్కోవాలి.) ఇంగ్లిష్‌లో షార్ప్, డల్, థ్రాబింగ్ అని బట్టీపట్టిన నీ క్లాస్‌మేట్ కన్నా, ఈ మాటల్ని పుట్టినప్పటి నుంచి వింటున్న నీకు ఈ పాఠం తొందరగా అందుతుంది. పేషెంట్ చెప్పిన మాటని కేస్ షీట్‌లో ముందు ఉన్నదున్నట్టు తెలుగులోనే రాసిపెట్టుకో. ఏ నరం మాట్లాడుతోందో ఆ తర్వాత ఆలోచించు.

ఇక నీ ఫ్రెండ్స్ అన్న "చేతిపని వస్తే చాలు" అన్నదాని గురించి. చేతిపని తక్కువది కాదు, అది రాకుండా డెంటిస్ట్ కాలేం. కానీ చెయ్యి ఎక్కడ ఆగాలో చెప్పేది అనాటమీ. నా సంగతి ఒకటి చెప్తాను. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక ఆవిడకి కింది దవడ పన్ను తీయడానికి బ్లాక్ (నరం దగ్గర ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్) ఇచ్చాను. అప్పటికి చాలా బ్లాకులు ఇచ్చాను, చెయ్యి తిరిగిందనే అనుకున్నాను. కాసేపటికి ఆవిడ ముఖం ఒక పక్కకి జారిపోయింది. ఆ పక్క కన్ను మూతపడలేదు. పక్షవాతం వచ్చిందేమోనని ఆవిడ ఏడుస్తోంది, నాకు కాళ్లు చల్లబడ్డాయి. మా ప్రొఫెసర్ వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యివేసి "కొన్ని గంటల్లో తగ్గిపోతుందమ్మా, భయపడకు" అని కన్ను ఆరిపోకుండా మెత్తటి గుడ్డ కట్టించారు. తర్వాత నన్ను ఒక్కటే అడిగారు: "సూది ఎముకకి తగిలిందా?" తగల్లేదు. తగలకుండానే మందు వదిలేశాను. సూది దవడ ఎముక వెనక అంచు దాటి, చెవి ముందుండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోకి వెళ్లింది. ముఖాన్ని కదిలించే ఫేషియల్ నర్వ్ ఆ గ్రంథి మధ్యలోంచే వెళ్తుంది. మందు ప్రభావం పోయాక ఆవిడ ముఖం మామూలుగా అయింది. ఆ రాత్రి నేను ఫస్ట్ ఇయర్ అనాటమీ పుస్తకం తెరిచి ఆ నాలుగు పేజీలు చదివాను. అంతకుముందు మూడుసార్లు చదివిన పేజీలే అవి. అర్థమైంది మాత్రం ఆ రోజే. అప్పటినుంచి ఎముక తగలకుండా మందు వదల్లేదు.

అదే ఇంజెక్షన్‌కి ఫార్మకాలజీతో కూడా సంబంధం ఉంది. చీము పట్టి వాచిన చోట లిగ్నోకెయిన్ అనే తిమ్మిరి మందు ఇస్తే సరిగ్గా పట్టదని నువ్వు త్వరలోనే చూస్తావు. మందు నరం పొరని దాటాలంటే విద్యుదావేశం లేని రూపంలో ఉండాలి. లిగ్నోకెయిన్ పీకేఏ, అంటే సరిగ్గా సగం మందు ఆ రూపంలో ఉండే పీహెచ్, 7.9. శరీరం మామూలుగా ఉండే 7.4 పీహెచ్ దగ్గర దాదాపు నాలుగో వంతు ఆ రూపంలో ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ వల్ల పీహెచ్ 6 దాకా పడిపోతే ఆ వాటా నూటికి ఒకటి దగ్గరికి దిగుతుంది. వాపులో నరాలు రెచ్చిపోయి ఉండటం లాంటి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఈ లెక్క తెలిసినవాళ్లు వాపులోనే ఇంకో సిరంజి, ఇంకో సిరంజి గుచ్చరు. వాపుకి దూరంగా, నరం మామూలు కణజాలంలో ఉన్నచోట బ్లాక్ ఇస్తారు. రెండో ఏడు ఫార్మకాలజీలో ఒక సమీకరణంలా కనబడింది ఇక్కడ పేషెంట్‌కి తప్పిన రెండు సూదిపోట్లు.

పిల్లల పళ్ల దగ్గరికి వస్తే ఈ సంగతి మరీ ముఖ్యం. ఏ పన్ను ఎప్పుడు వస్తుందన్న పట్టికని మీరంతా పరీక్ష ముందురోజు రాత్రి బట్టీపడతారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. పిల్లల పళ్లు చూసే పీడో డిపార్ట్‌మెంట్‌లో ఆ పట్టికే రోజూ కావాలి. ఆరేళ్ల పాపని తీసుకొచ్చిన తల్లి, వెనక పుచ్చిపోయిన పన్ను చూపించి "పాలపన్నే కదండీ, ఊడిపోతుందిగా" అంటుంది. అది ఊడదు. ఆరేళ్లకి వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను అది. ఏ పాలపన్నూ ఊడకుండా వాటి వెనక కొత్తగా వస్తుంది కాబట్టి ఇళ్లల్లో దాన్ని పాలపన్ననే అనుకుంటారు. ఈ ఒక్క పొరపాటు వల్ల ఎంతమంది పిల్లలు పదేళ్లు నిండకుండానే ఆ పన్ను పోగొట్టుకోవడం చూశానో. ఇంకో సంగతి, ఆ పన్ను నోట్లోకి వచ్చినా దాని వేరు తయారవడం 9, 10 ఏళ్లకి గానీ పూర్తి కాదు. ఎనిమిదేళ్ల పిల్లకి ఆ పన్నులో పల్ప్ దెబ్బతింటే పెద్దవాళ్లకి చేసినట్టు రూట్ కెనాల్ చేసేయకూడదు. వేరు కొస ఇంకా తెరిచి ఉంటుంది, గోడలు పల్చగా ఉంటాయి. లోపల ఎంత పల్ప్ బతికి ఉంటే అంత కాపాడుకుని వేరు పెరగనివ్వాలి. పట్టికలో రెండు అంకెలు తెలిస్తే ఒక పన్ను బతుకుతుంది.

అదే పట్టికతో నీకు ఇంకో పని నేర్పిస్తాను, ఇది నాకు చాలా ఇష్టం. పళ్ల మీద అడ్డంగా గుంటలు, గీతలు ఉన్న పేషెంట్ వస్తే, ఏ పళ్ల మీద ఉన్నాయో జాగ్రత్తగా చూడు. ముందు పళ్ల అంచుల దగ్గర, కోరపళ్ల మొనల మీద, మొదటి దవడ పళ్ల మీద ఉండి, పై దవడలో నడిమి పన్ను పక్కనుండే లాటరల్ ఇన్‌సైజర్ మాత్రం బాగుంటే, బిడ్డకి ఏడాది నిండేలోపే పెద్ద జబ్బేదో చేసిందని అనుకోవచ్చు. ఆ పన్ను ఎనామెల్ మొదలయ్యేది 10, 12 నెలలకి. మిగతావి అంతకుముందే మొదలవుతాయి. తల్లిని అడిగి చూడు. "అవునండీ, ఎనిమిదో నెలలో ఆసుపత్రిలో పెట్టాం" అని ఆవిడ చెప్పిన రోజున హిస్టాలజీ నీకు జన్మలో మర్చిపోలేని సబ్జెక్టు అవుతుంది.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ కూడా ఇదే లెక్క. మన దేశంలో ఈ జబ్బుని మొదటిసారి 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. నల్గొండ పేరు అయితే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే స్థిరపడిపోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో చేసే ఆ పద్ధతిని నీరీ సంస్థ రూపొందించింది. నల్గొండలో ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూ పెరిగిన మనిషికి పళ్ల మీద మచ్చలుంటాయి, ముప్పయ్యేళ్లకి ఉద్యోగం మీద అక్కడికి వచ్చి అవే నీళ్లు తాగిన మనిషికి ఉండవు. ఎందుకు? ఎనామెల్ తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ దాన్ని చెడగొట్టగలదు, తయారైపోయాక కాదు. ఎముకల సంగతి వేరు, అవి ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతూనే ఉంటాయి కాబట్టి పెద్ద వయసులో వచ్చినవాళ్లకీ ప్రమాదం ఉంటుంది. పెళ్లిచూపుల ముందు "ఈ మచ్చలు తోమితే పోతాయా డాక్టరుగారూ" అని అడిగే అమ్మాయిలు నీ దగ్గరికి వస్తారు. ఆ మచ్చ పైన అంటిన మురికి కాదనీ, ఎనామెల్ లోపలే సందులు మిగిలిపోయాయనీ, గట్టిగా తోమితే ఉన్న ఎనామెల్ కూడా అరుగుతుందనీ నువ్వు ఆ అమ్మాయికి చెప్పగలగాలి.

శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి చూసే అవకాశం వస్తే వదులుకోకు. చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, మిగతాచోట్ల అరుదుగా క్యాన్సర్ వచ్చే గట్టి అంగిలిలోనే అక్కడ వస్తుంది. అంగిలి మ్యూకోసా (పైనుండే మెత్తటి పొర) ఎలా ఉంటుందో, లాలాజల గ్రంథుల మూతులు ఎక్కడుంటాయో తెలిసినవాళ్లకి పొగకి తెల్లబడ్డ ఆ పొర మీద ఎర్రచుక్కలు ఎందుకున్నాయో తెలుస్తుంది.

పుస్తకాలన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాలా అని అడిగావు. వద్దు. చదివినా నిలవదు, రెండేళ్ల క్రితం చదివినప్పుడు నిలవనట్టే. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్తాను, ఫస్ట్ ఇయర్‌లో నేర్చుకున్నవన్నీ కుర్చీ పక్కన అవసరం పడవు. డెంటిన్‌లో కనిపించే వాన్ ఎబ్నర్ గీతల మధ్య దూరం గుర్తులేదని ఏ పేషెంటూ నష్టపోడు. అలాంటివి పరీక్షకి ఉంచుకో, మనసు కష్టపెట్టుకోకు.

నువ్వు చెయ్యాల్సింది వెనక నుంచి ముందుకి చదవడం. రోజూ నువ్వు చూసిన పేషెంట్లలో ఒక్కరిని ఎంచుకో, ఒక్కరినే. ఆ రాత్రి ఒక నోట్‌బుక్‌లో పుస్తకం తెరవకుండా ముందు బొమ్మ వెయ్యి. నువ్వు బర్ (డ్రిల్ మొన) పెట్టిన చోటు, సూది గుచ్చిన చోటు, గార తీసే స్కేలర్ ఆనించిన చోటు. అక్కడ ఏ ఏ పొరలున్నాయి? జబ్బు వాటిలో దేన్ని మార్చింది? నువ్వు చేసిన పని దేన్ని మార్చింది? బొమ్మలో నీకు రాని చోట ఖాళీ వదిలెయ్యి. ఆ ఖాళీకి సంబంధించిన పేజీ మాత్రమే అప్పుడు తెరువు. అరగంట కన్నా ఎక్కువ పట్టదు. ఖాళీ వదలకుండా ముందే పుస్తకం తెరిస్తే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. నిన్ను ఇప్పటిదాకా మోసం చేసింది ఆ అనిపించడమే. బొమ్మలు బాగా వేస్తానన్నావు కదా, ఆ చెయ్యి ఇప్పుడు చూసి వేయడం మాని గుర్తుతెచ్చుకుని వెయ్యాలి.

ఆ తర్వాత దాన్ని తెలుగులో ఎవరికైనా చెప్పు. వారానికి ఒకసారి ఫోన్‌లో మీ అమ్మగారికే చెప్పు. "అమ్మా, ఇవాళ ఒకాయనకి గాలి తగిలితే ఎందుకు నొప్పొచ్చిందో తెలుసా" అని మొదలుపెట్టు. ఆవిడ "మరి మీ నాన్నకి పళ్లు అంత అరిగిపోయినా ఎందుకు రావట్లేదు?" అని అడుగుతారు. అలాంటి ప్రశ్న ఏ గైడ్‌లోనూ ఉండదు. నువ్వు మధ్యలో ఇంగ్లిష్ పేరు వాడి దాటేయాలని చూసిన చోట ఆగు, నీకు తెలియనిది సరిగ్గా అక్కడే ఉంది. సన్నటి గొట్టం, లోపల నీరు, అడుగున నరం అని ఇంట్లో మాటల్లో చెప్పగలిగితే ఆ పాఠం నీదైనట్టు.

ఇంకో పని, తీసేసిన పళ్లు మీ కాలేజీలో శుద్ధి చేసి ఇస్తే నాలుగు తెచ్చుకుని, నిలువునా కోసి చూడు. దవడ పన్ను పల్ప్ కొమ్ములు ఎంత పైదాకా వస్తాయో పుస్తకంలో బొమ్మ చూసినప్పుడు తెలియదు. పై దవడలో కోరపన్ను వెనకుండే మొదటి ప్రీమోలార్ పక్కభాగంలో లోతైన పల్లం ఒకటుంటుంది. అక్కడ గార ఎందుకు మిగిలిపోతుందో నీ వేలు తడిమితే తెలుస్తుంది. స్కేలింగ్ చేసేటప్పుడు ఆ వేలు గుర్తుంచుకుంటుంది.

ఎంసీక్యూల విషయంలో సీనియర్లది పూర్తిగా తప్పని అనను. నీట్ ఎండీఎస్‌లో బేసిక్ సబ్జెక్టుల ప్రశ్నలు బాగానే వస్తాయి, వాటిని సాధన చెయ్యాల్సిందే. కాకపోతే జవాబు సరిపోయిందని టిక్ పెట్టి ముందుకెళ్లకు. మిగతా మూడు జవాబులు ఎందుకు కావో ఒక్కో వాక్యం చెప్పుకుని అప్పుడు వెళ్లు.

ఇక మీ సర్. ఆయన దగ్గరికి వెళ్లడానికి భయపడకు. రేపో ఎల్లుండో ఆయన ఖాళీగా ఉన్నప్పుడు నువ్వు వేసిన డెంటిన్ బొమ్మ పట్టుకుని వెళ్లి, "సర్, ఆ రోజు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్తాను, తప్పుంటే దిద్దండి" అను. పాతికేళ్లు పాఠం చెప్పినవాళ్ల తరఫున చెప్తున్నాను, ఆ మాట అనడానికి వచ్చే స్టూడెంట్ కోసమే మేం ప్రశ్నలు అడుగుతాం. ఆయన ఇంకో ప్రశ్న వేస్తారు. దానికి జవాబు రాకపోతే "చదివి వస్తాను సర్" అను, మళ్లీ వెళ్లు.

ఆ పెద్దాయనకి ఫిల్లింగ్ ఇంకా పూర్తికాలేదేమో. ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నప్పుడు గాలి గన్ను పన్నుకి ఆనించి కొట్టకు. చిన్న దూది ఉండతో మెల్లగా అద్దు. పన్ను రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ పెడుతున్నా అదే మంచిది. ఆమ్లంతో ఎచ్ చేశాక (పై పొరని కొంచెం కరిగించాక) డెంటిన్‌ని మరీ ఆరబెడితే అందులోని కొల్లాజెన్ దారాలు ఒకదాని మీద ఒకటి పడిపోయి, ఫిల్లింగ్‌ని అంటించే బాండింగ్ ద్రవం లోపలికి దిగదు, కొంచెం తడిగా ఉండాలి. మొదలుపెట్టే ముందు ఆయనతో, "పోయినసారి గాలికి జివ్వుమంది కదండీ, ఈసారి గాలి కొట్టను" అని చెప్పు. ఎందుకని అడిగితే, ఆయనకి అర్థమయ్యే మాటల్లో ఆ గొట్టాల గురించి చెప్పు.